ఇంట్లో పెద్దవాళ్ల మీద వేధింపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్కింటి తాతగారి గురించి, సొంత మేనత్త గురించి, ఒక్కోసారి తమ గురించే జనం అడిగే ప్రశ్నలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఈ సమస్యను ఏ ఆఫీసూ ఒంటరిగా తీర్చలేదు. పోలీసులు వచ్చి మందలించి వెళ్తారు, డాక్టరుగారు మందు రాసి పంపిస్తారు, ఆర్డీఓ ఆర్డరు మీద సంతకం పెట్టి తర్వాతి ఫైలు తీస్తారు. ఎవరి పని వాళ్లు చేసినట్టే ఉంటుంది, ఆ పెద్దావిడ మాత్రం మళ్లీ పస్తు పడుకుంటుంది. అందుకే "ఆ తర్వాత ఎవరు చూస్తారు?" అన్న మాట ఇక్కడ పదే పదే వస్తుంది.

వేధింపు అంటే కొట్టడమేనా?

కాదు. కొట్టడం బయటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడతాం. వేళకి తిండి పెట్టకపోవడం, మందులు కొనకపోవడం, కళ్లజోడు విరిగితే నెలల తరబడి బాగు చేయించకపోవడం, ఫోన్ లాగేసుకోవడం, చుట్టాలు వస్తే గదిలో ఉంచి గడియ పెట్టడం, మనవళ్ల ముందు "ఇంకా ఎన్నాళ్లు బతుకుతావ్" అనడం, పెన్షన్ డబ్బులు తీసుకోవడం, కాగితాల మీద బలవంతంగా వేలిముద్ర వేయించడం, ఇవన్నీ వేధింపులే. కావాలని చేసినా, పట్టించుకోక వదిలేసినా అవతలి మనిషికి జరిగే నష్టం ఒకటే. 60 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకం వేధింపు ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మనకు తెలిసిన ఇళ్లలోనే ఇది జరుగుతోంది.

చేసేవాళ్లు కోడళ్లే అన్న మాట కూడా వదిలేయాలి. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, జీతానికి పెట్టుకున్నవాళ్లు, ఒక్కోసారి భర్త లేదా భార్య, ఎవరైనా కావచ్చు.

అడిగితే "బాగానే ఉన్నాను నాయనా" అంటారు. నిజం ఎలా తెలుస్తుంది?

ఇంట్లోవాళ్లు పక్కన నిలబడి ఉండగా అడిగితే ఎవరైనా అదే అంటారు. కన్నబిడ్డ పరువు తీయడం ఇష్టం ఉండదు, పైగా మీరు వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఉండాల్సింది తనే. కాబట్టి ముందు ఆ మనిషితో విడిగా మాట్లాడే వీలు చూసుకోండి. ఆశా వర్కరో ఏఎన్ఎమ్మో బీపీ చూడటానికి వచ్చినప్పుడు "కాస్త పక్కకి కూర్చోబెట్టి చూడాలి" అంటే ఎవరూ అభ్యంతరం పెట్టరు. ఆస్పత్రిలో డాక్టరుగారు "పేషెంటు ఒక్కరే లోపలికి రండి" అంటే చాలు.

"ఎలా ఉన్నారు?" అని అడగొద్దు. "పొద్దున ఏం తిన్నారు? ఎన్నింటికి పెట్టారు?" అనండి. "మాత్రలు ఎవరు తెచ్చిస్తారు?", "పెన్షన్ డబ్బులు ఎవరి దగ్గర ఉంటాయి?", "ఎవరికైనా ఫోన్ చేయాలనిపిస్తే ఎలా చేస్తారు?" ఇలా చిన్నవి అడగండి. మాత్రల అట్ట చూపించమనండి. రోజూ వేసుకోవాల్సిన షుగరు మాత్ర అట్టలో కిందటి నెల ఎన్ని ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉంటే, మనిషి నోరు తెరవకపోయినా అట్ట చెప్పేస్తుంది. చేతి లోపలివైపు కమిలిన మచ్చలు, ఉన్నట్టుండి బరువు తగ్గడం, మాసిన బట్టలు, గుడికో పార్కుకో రోజూ వచ్చే మనిషి రావడం మానేయడం, మాట్లాడుతూ మధ్యమధ్య గుమ్మం వైపు చూడటం గమనించండి. వీటిలో ఒక్కటి కనిపించగానే నిర్ధారణకి రావొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి ఊరికే కూడా కములుతుంది. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఊరుకోకూడదు.

అది వాళ్లింటి గొడవ కదా, మనం తలదూర్చొచ్చా?

దూర్చొచ్చు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం పెద్దవాళ్లు స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేని స్థితిలో ఉంటే వాళ్లు అనుమతించిన వేరే మనిషి గానీ సంస్థ గానీ పెట్టవచ్చు. ఈ కేసులు వినడానికి ఆ చట్టం కింద ఏర్పాటైన ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా కేసు తీసుకోవచ్చు. సంరక్షణ బాధ్యత ఉన్నవాళ్లు పెద్దవాళ్లను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా వదిలేసి వెళ్తే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం అది.

ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

ఆ నిమిషంలో ప్రాణానికి ప్రమాదం ఉంటే 112. ఇంకేం ఆలోచించొద్దు. అంత అత్యవసరం కాకపోతే 14567, వయోవృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, డబ్బులు పడవు. బాధపడేది ఆడవాళ్లయితే 181 కూడా ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, అదీ పోయిన వెంటనే, తెల్లారేదాకా ఆగకుండా.

14567 కి చేస్తే నిజంగా ఎవరైనా వస్తారా?

ముందు వివరం తీసుకుంటారు, సలహా ఇస్తారు, అవసరమైతే స్థానిక అధికారులతో కలిపి మనిషి దగ్గరికి వెళ్లే ఏర్పాటు చేస్తారు. ఫోన్ చేసినవాళ్లు ఎంత స్పష్టంగా చెబితే పని అంత త్వరగా అవుతుంది. "మా వీధిలో ఒకావిడని చూసుకోవట్లేదండీ" అంటే వాళ్లు ఏం చేయగలరు? మనిషి వయసు, ఇల్లు ఎక్కడ, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, మీరు కళ్లారా ఏం చూశారు, ఏ రోజు చూశారు, ఇంట్లో ఎవరూ లేని వేళ ఏది, ఇవి ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ రాసిపెట్టుకోండి. ఆ కాగితాన్ని జాగ్రత్త చేయండి, తర్వాత ప్రతి ఆఫీసులోనూ అదే పనికొస్తుంది.

ఊళ్లో, కాలనీలో ఎవరెవరిని కలుపుకోవాలి?

ఇంట్లోకి ఎవరి అడుగు సులువుగా పడుతుందో చూడండి. ఆంధ్రలో ప్రతి నెలా మొదట్లో సచివాలయం సిబ్బంది పెన్షన్ ఇవ్వడానికి ఇంటికే వస్తారు. ఆ డబ్బు ఎవరి చేతిలోకి వెళ్తోందో వాళ్ల కళ్ల ముందే జరుగుతుంది. ఆశా వర్కరుకి ప్రతి ఇల్లూ తెలుసు. డ్వాక్రా సంఘంలో కూర్చుంటే ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకుండా ఉండదు. సిటీ అపార్టుమెంట్లలో వాచ్‌మన్, పనమ్మాయి, మందుల షాపు అబ్బాయి, వీళ్లకి తెలిసినంత అసోసియేషన్ ప్రెసిడెంటుకి కూడా తెలియదు. వీళ్లందరికీ తలా ఒక ముక్క తెలుసు. ఆ ముక్కలు ఒకచోటికి రావు, అదే అసలు లోపం.

దీనికి పెద్ద కమిటీలు, బ్యానర్లు అక్కర్లేదు. నలుగురు చాలు: ఆరోగ్యం వైపు నుంచి ఒకరు, పోలీస్ స్టేషన్‌లో తెలిసిన ఒక కానిస్టేబులో ఎస్సైయో, పంచాయతీ లేదా వార్డు వైపు నుంచి ఒకరు, ఆ పెద్దమనిషి నమ్మే ఇరుగుపొరుగు ఒకరు. ఈ నలుగురిలో ఒకరు "ఈ మనిషి విషయం నేను చూస్తాను" అని పేరు పెట్టుకుని ఒప్పుకోవాలి. "అందరం చూసుకుందాం" అనుకున్న చోట చివరికి ఎవరూ చూడరు. నెలకోసారి కలిసినప్పుడు కిందటిసారి అనుకున్న పని అయిందా లేదా అన్నదే మొదట అడగాలి.

ఒక జాగ్రత్త. వాట్సాప్ గ్రూపులో పేరు, ఫొటో, ఇంటి విషయాలు పెట్టకండి. సాయంత్రానికి అవి ఆ కొడుకు ఫోన్‌లోకి చేరతాయి. తెలియాల్సినవాళ్లకి తెలియాల్సినంతే, అదీ ఆ పెద్దావిడకి చెప్పి.

ఒంటరిగా ఉండే వయోవృద్ధుల జాబితా పోలీస్ స్టేషన్‌లో ఉంచాలని, వీలైతే ఒక సామాజిక కార్యకర్తను వెంటబెట్టుకుని వాళ్లను అప్పుడప్పుడు చూసి రావాలని ఈ చట్టం కోసం కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. మీ స్టేషన్‌కి వెళ్లి "సర్, సీనియర్ సిటిజన్ల లిస్టు ఉందా, మా వీధిలోవాళ్ల పేర్లు ఇస్తాం" అని మర్యాదగా అడగండి. అడిగితే మొదలయ్యే పనుల్లో ఇదొకటి.

ఫిర్యాదు చేశామని తెలిసి ఇంకా ఎక్కువ బాధపెడితే?

ఇది నిజమైన భయమే. చాలామంది ఫిర్యాదు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. అధికారులు వచ్చి వెళ్లిన తర్వాతి వారం అన్నిటికన్నా గడ్డు సమయం. బయటివాళ్ల ముందు తలొంచుకున్న కోపమంతా తలుపు వేసుకున్నాక బయటికొస్తుంది. కాబట్టి ఆ వారానికి ఏర్పాటు చేసుకున్న తర్వాతే ఫిర్యాదు ఇవ్వండి. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక సాకుతో ఆ గుమ్మం తొక్కాలి. ఒకరోజు ఆశా వర్కరు, ఒకరోజు పక్కింటావిడ, ఒకరోజు కానిస్టేబుల్. ఆధార్, పాస్‌బుక్, ఆస్తి కాగితాల నకళ్లు, మందుల చీటీ, ఒక జత బట్టలు నమ్మకమైన ఇంట్లో ఉంచాలి. అవసరమైతే రెండు రోజులు ఎక్కడ తలదాచుకోవాలో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆడవాళ్లకి సఖి కేంద్రంలో (హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) తాత్కాలికంగా ఉండే వీలుంటుంది. 2005 గృహహింస చట్టం కోడళ్లకే కాదు, తల్లులకీ అత్తలకీ కూడా వర్తిస్తుంది. కొట్టకుండా, ఇంట్లోంచి గెంటకుండా కోర్టు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలదు.

ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ అంటారు. అదెలా ఉంటుంది?

కోర్టంత టెన్షన్ ఉండదు. ఆర్డీఓ స్థాయికి తగ్గని అధికారి నడుపుతారు. మీరు ఉంటున్న జిల్లాలో గానీ, ఇంతకుముందు ఉన్న జిల్లాలో గానీ, పిల్లలు ఉన్న జిల్లాలో గానీ పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద మీ వివరాలు, ఎవరి మీద, ఏం జరిగింది, ఏం కావాలి అని సూటిగా రాస్తే చాలు. ఈ చట్టం లాయర్లు లేకుండా నడవాలనే రాశారు, కావాలంటే జిల్లాలో ఇందుకోసం ఉన్న పోషణాధికారి మీ తరఫున మాట్లాడతారు. ముందు రాజీకి ప్రయత్నం జరుగుతుంది, దానికి గడువు నెల. అవతలివాళ్లకి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణం ఉంటే ఇంకో 30 రోజులు. ఈలోపు తిండికి, మందులకి మధ్యంతర పోషణ, అంటే కేసు తేలేదాకా నెలనెలా డబ్బు, అడిగే హక్కు ఉంది. చాలామంది అది అడగరు. దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి.

రాజీ గురించి ఒక్కటే చెప్తాను. తప్పు లేదు, చాలా ఇళ్లలో అదే మేలు. కానీ భయంతో పెట్టే సంతకం రాజీ కాదు. కొడుకు పక్కనే కూర్చుని ఉండగా అడగకుండా, అధికారిని విడిగా మాట్లాడమని కోరండి.

దరఖాస్తు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలోనో, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో ఇచ్చి రసీదు తీసుకోండి.

నెలకు ఎంత ఇప్పిస్తారు?

చట్టంలో గరిష్ఠం 10,000 రూపాయలు. ఆ పరిమితి తీసేయాలని 2019లో సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఇవ్వమన్నాక ఇవ్వకపోతే వారెంటు, నెల వరకు జైలు కూడా ఉంటాయి. మొదటి నెల వచ్చింది కదా అని ఊరుకోవద్దు. ఆగేది సాధారణంగా ఆ తర్వాతే. డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని ఆర్డరులోనే రాయించుకోండి, అప్పుడు ఎప్పుడు ఆగిందో పాస్‌బుక్కే చూపిస్తుంది.

ఇల్లు పిల్లల పేర రాసిచ్చాక గెంటేశారు. వెనక్కి వస్తుందా?

రావచ్చు. 2007 చట్టంలో సెక్షన్ 23 దీని కోసమే ఉంది. చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే, ఆ దానాన్ని మోసంతో రాయించుకున్నట్టుగా భావించి రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. ఇది చట్టం అమల్లోకి వచ్చాక చేసిన బదిలీలకే. చిక్కల్లా ఆ షరతు దగ్గరే. 2022లో సుదేశ్ చికారా కేసులో షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, ఇది పెద్దవాళ్ల మేలు కోరి చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని చెప్పి, ఆ తల్లి ఆస్తిని తిరిగి ఇప్పించింది. దానపత్రంతోపాటు కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితం కూడా ఆ కేసులో పనికొచ్చింది. అందుకే "చూసుకుంటాను" అని రాసిన కాగితం ఏదున్నా, ఎంత పాతదైనా పారేయకండి.

ఇంకా రాయలేదు. ఏం చేయమంటారు?

వీలునామా రాయండి. బతికున్నంత కాలం ఆస్తి మీదే, మనసు మారితే మార్చుకోవచ్చు. దానపత్రం రిజిస్టర్ అయిన రోజు నుంచే ఆస్తి అవతలివాళ్లది. "ఇప్పుడే రాసివ్వండి, లోను కావాలి" అని తొందరపెడుతుంటే ఆ తొందరే ఒక హెచ్చరిక. ఇవ్వక తప్పదనుకుంటే దస్తావేజులోనే ఈ రకంగా రాయించండి: "నేను బతికున్నంత కాలం నాకు తిండి, బట్ట, వైద్యం, ఈ ఇంట్లో నివాసం కల్పించే బాధ్యత గ్రహీతది. అది తప్పినచో ఈ దానం రద్దు చేసుకునే హక్కు నాకు కలదు." పైన, "నా జీవితాంతం అనుభవ హక్కు నాదే" అని కూడా. దస్తావేజు లేఖరి "ఇవన్నీ ఎందుకమ్మా, మీవాళ్లే కదా" అంటారు. అయినా రాయమనండి. కన్నబిడ్డల మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఈ రెండు వాక్యాలు రాయించుకోవచ్చు, అందులో అవమానం ఏమీ లేదు.

వేధించే కొడుకుని ఇంట్లోంచి ఖాళీ చేయించవచ్చా?

పెద్దవాళ్ల రక్షణకు అవసరమైతే ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు ఇవ్వగలదు. కోడలికి గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటే దాన్ని కూడా చూడాలని 2020లో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోడలిని బయటికి పంపడానికి అత్తమామల పేరు వాడుకోవడం కూడా జరుగుతుంది కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే.

ఏటీఎం కార్డు పిల్లల దగ్గరే ఉంది. తప్పా?

కార్డు వాళ్ల దగ్గర ఉండటం తప్పు కాదు, అడిగితే లెక్క చెప్పకపోవడం తప్పు. ఎస్ఎంఎస్ పెద్దవాళ్ల ఫోన్‌కే వచ్చేలా చూడండి. బ్యాంకుకి వెళ్లలేని 70 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవ అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది, మీ బ్రాంచిలో అడగండి. నామినీ అంటే యజమాని కాదు, ఆ మాట పిల్లలకీ తెలియాలి.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇంట్లో ఉన్న కేర్‌టేకర్ మీదే అనుమానం.

వీడియో కాల్‌లో కేర్‌టేకరే ఫోన్ పట్టుకుని ఉంటే పెద్దవాళ్లు నిజం చెప్పలేరు. వేళ చెప్పకుండా ఇంటికి వెళ్లగలిగే ఒక బంధువునో స్నేహితుడినో ఏర్పాటు చేసుకోండి. పనిలో పెట్టుకునే ముందే గుర్తింపు కార్డు తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. ఇంకొకటి, 2007 చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. దూరంగా ఉండటం బాధ్యత నుంచి తప్పించదు.

మతిమరుపు ఉన్న మనిషి చెప్పేది నమ్మొచ్చా?

వినండి, రాసుకోండి, తర్వాత సరిచూసుకోండి. డిమెన్షియా ఉన్నవాళ్లు పేర్లు, తేదీలు తారుమారు చేస్తారు గానీ భయం నిజమే కావచ్చు. ఫలానా మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోతున్నారా అని చూడండి. "ఆయనకి మతి లేదండీ" అనే మాట వెనక దాక్కోవడం వేధించేవాళ్లకి చాలా తేలిక.

చూసుకునేవాళ్లే అలిసిపోయి అరుస్తుంటే వాళ్లనీ దోషులంటారా?

మంచంలో ఉన్న మనిషిని ఏళ్ల తరబడి ఒక్కరే ఎత్తి, కడిగి, తినిపిస్తుంటే ఎవరికైనా ఓపిక పోతుంది. అక్కడ కావాల్సింది కేసు కంటే ముందు ఇంకో రెండు చేతులు. మిగతా తోబుట్టువులు డబ్బు పంపి ఊరుకోకుండా నెలలో కొన్ని రోజులు వచ్చి ఉండాలి. పుండ్లు పడకుండా మనిషిని ఎలా తిప్పి పడుకోబెట్టాలో నర్సు చేత నేర్పించాలి. ఇంత చేసినా చెయ్యి లేస్తుంటే అది అలసట కాదు, ఆపాల్సిందే.

ఆవిడే ఫిర్యాదు వద్దంటున్నారు. అప్పుడు?

ప్రాణానికి ప్రమాదం లేనంతవరకు, తెలివిలో ఉన్న మనిషి మాట ఆవిడదే. ఆవిడని పక్కకి నెట్టి మనమే నిర్ణయాలు తీసుకుంటే ఇంట్లో జరుగుతున్నదే మనమూ చేసినట్టవుతుంది. ఫిర్యాదు వద్దంటే సరే, వారానికోసారి వచ్చి కూర్చోవచ్చా అని అడగండి. 14567 ఆవిడ ఫోన్‌లో ఒక్క నొక్కుతో వెళ్లేలా పెట్టండి. చాలామంది మొదటిసారి వద్దంటారు, మనిషి మళ్లీ మళ్లీ వస్తున్నాడని నమ్మకం కుదిరాక నోరు విప్పుతారు.

వృద్ధాశ్రమంలో చేర్చేస్తే సమస్య తీరినట్టేనా?

ఆవిడ కోరుకుంటే మంచిదే, అలా కాకపోతే బాధపెట్టినవాళ్లు ఇంట్లో ఉండి బాధపడినవాళ్లు బయటికి పోయినట్టవుతుంది. చేర్చే ముందు భోజనం వేళకి వెళ్లి చూడండి, రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో అడగండి, అక్కడున్నవాళ్లతో విడిగా మాట్లాడనిస్తారో లేదో చూడండి. మాట్లాడనివ్వకపోతే అక్కడ చేర్చొద్దు. చేర్చాక పెన్షన్ చిరునామా, బ్యాంకు ఫోన్ నంబరు, మందుల చీటీ కొత్త చోటికి మార్పించండి. ఇంతకుముందు ఆవిడ విషయం చూస్తానని ఒప్పుకున్న మనిషి పేరు, నంబరు ఆశ్రమం రిజిస్టరులో పిల్లల పేర్లతోపాటు రాయించండి. ఆమె ఆరోగ్యం బాగోకపోతే మొదటి ఫోన్ ఎవరికి వెళ్లాలో ఆమెనే అడిగి రాయించండి.